యుద్ధ వార్తలైనా, జిల్లా రాజకీయాలైనా: పత్రిక రాసింది ఎంతవరకు నమ్మాలి?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
మా ఇంటికి రెండు దినపత్రికలు వస్తాయి. ఒకటి నాన్నగారికి, ఒకటి నాకు. జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశం జరిగిన మర్నాడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకదానిలో ‘సమస్యలపై నిలదీత, నీళ్లు నమిలిన అధికారులు’. రెండోదానిలో ‘అభివృద్ధి పనులకు ఏకగ్రీవ ఆమోదం’. అదే హాలు, అదే రోజు, అదే మనుషులు. రెండూ జరిగి ఉండవచ్చు. కానీ ఒక పత్రిక చదివినవారికి రెండోది జరిగిందన్న ఊహ కూడా రాదు. తాగునీటి పథకం మీద ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్నకు ఏం జవాబు వచ్చిందో రెండింటిలోనూ లేదు. ఆ జవాబు కోసమే నేను వార్త మొత్తం చదివాను.

ఇక్కడి సమావేశం గురించి తప్పుగా రాస్తే వెళ్లి వచ్చినవాళ్లు నలుగురైనా చెబుతారు. ఇరాన్ గురించో గాజా గురించో తప్పుగా రాస్తే చెప్పేదెవరు? 2025 జూన్ 22న అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేసింది. ‘సర్వనాశనం’ అని ట్రంప్ ప్రకటించారు. ఆ మాట ఆయన అన్నట్టుగా కాకుండా, జరిగిపోయిన సంగతిగానే నేను శీర్షికలో చదివాను. రెండు రోజులు తిరగకముందే అమెరికా రక్షణ నిఘా సంస్థ తొలి అంచనా బయటికి పొక్కింది. ఇరాన్ కార్యక్రమం కొన్ని నెలలు మాత్రమే వెనక్కి పోయిందని దాని సారాంశం. అదీ తుది మాట కాదు, ప్రాథమిక అంచనా. ఎవరూ లోపలికి వెళ్లి చూడని చోటు గురించి, బాంబు వేసినవారి మాటనే తీర్పులా అచ్చు వేస్తే ఎలా? నేను బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. పిల్లలు పత్రిక పట్టుకొచ్చి అడిగితే ఏం చెప్పాలో మీరే అనండి.

ఆదోని_పత్తి:
సార్, నేను పత్రిక మానేశాను. మానేసి హాయిగా ఉన్నాను. ‘ఆ రెండు పత్రికలు’ అని రాజశేఖరరెడ్డి గారు సభల్లో అన్న రోజుల నుంచీ చూస్తున్నాను. 2008లో సాక్షి వచ్చాక ఎవరి పత్రిక వారికి అయింది. మా మార్కెట్ యార్డులో చేతిలో ఉన్న పత్రికను బట్టి ఓటు చెప్పవచ్చు. పార్టీ కరపత్రానికి నెలనెలా డబ్బు ఎందుకు కట్టాలి?

రాజకీయం వదిలేయండి. పత్తి ధర చూడండి. ‘ఆదోని యార్డులో పత్తికి రికార్డు ధర’ అని పెద్ద అక్షరాలు. ఆ ధర ఆ రోజు వచ్చిన లాట్లన్నిటిలో ఒక్క లాటుకు పడింది. మిగతా రైతులకు మధ్యస్థ ధర పడింది, తడి సరుకుకు అంతకన్నా తక్కువ. ఆ మూడు ధరలూ యార్డు బోర్డు మీద రాసే ఉంటాయి. శీర్షికకు మాత్రం గరిష్ఠ ధర ఒక్కటే సరిపోతుంది. మర్నాడు పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవారి ముఖాలు చూడాలి. కళ్లెదుట ఉన్న యార్డు గురించే ఇలా రాసేవారు ఉక్రెయిన్ గురించి నిజం రాస్తారా? నేను యూట్యూబులో నలుగురిని చూస్తాను, నా నిర్ణయం నేను చేసుకుంటాను.

పాత_డెస్క్ (అనంతపురం):
నేను అనంతపురంలో ఒక పత్రికలో వార్తలు దిద్ది పేజీలు కట్టే డెస్కులో పనిచేసి విరమించినవాణ్ని. మీ ఇద్దరి కోపమూ న్యాయమే. కానీ విదేశీ వార్త మీ గుమ్మం దాకా ఎలా వస్తుందో తెలిస్తే ఆ కోపం తగలవలసిన చోట తగులుతుంది.

జిల్లా పేజీలు మా దగ్గర తయారవుతాయి. దేశ విదేశాల పేజీ పైనుంచి, ప్రధాన డెస్కు నుంచి తయారుగా వస్తుంది. తెలుగు పత్రికలకు యుద్ధరంగాల్లో సొంత విలేకరులు ఉండరు. రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ), ఏఎఫ్‌పీ, వాటితో పాటు పీటీఐ, ఈ వార్తా ఏజెన్సీల కాపీ ఇంగ్లిషులో వస్తుంది. అందులో ప్రతి రెండో వాక్యానికీ ‘అని సైన్యం ప్రకటించింది’, ‘అని ఆరోగ్య శాఖ తెలిపింది’, ‘దీన్ని స్వతంత్రంగా నిర్ధారించుకోలేకపోయాం’ అని ఉంటుంది. అది ఏజెన్సీ పాటించే కట్టుబాటు. ఇక్కడ సబ్ ఎడిటర్‌కు దొరికే చోటు దానిలో నాలుగో వంతు ఉంటే గొప్ప. రాత్రి మొదటి ఎడిషన్ పేజీ వదలాలి. కింద ప్రకటన ఒకటి అప్పుడే పెరిగింది. ముందు ఏం కోస్తారు? సంఖ్య కోయరు, ఊరి పేరు కోయరు. ‘నిర్ధారించుకోలేకపోయాం’ అన్న వాక్యం ఎగిరిపోతుంది. తర్వాత ‘ప్రకటించింది’ ఎగిరిపోతుంది. రెండు ముక్కల శీర్షికలో ‘ఆరోపణ’ అన్న మాటకు చోటు ఉండదు. ఏ ప్రభుత్వమూ ఫోను చేయలేదు, ఏ యజమానీ చెప్పలేదు. అయినా ఒక పక్షం చెప్పిన మాట తెల్లవారేసరికి జరిగిన సంగతి అయిపోతుంది.

ఆ కోత కోసే చేతులకు వచ్చే జీతం, వారి మీద ఉండే పేజీల భారం కూడా ఆలోచించండి. వారిని అబద్ధాలకోరులంటే నేను ఒప్పుకోను.

సీపీ_బ్రౌన్_వీధి (కడప):
పాత డెస్క్ గారూ, మీరు చెప్పిన కోత నిజమే. కానీ చోటు చాలకపోవడం ఒక్కటే కారణమైతే, చోటుకూ డబ్బుకూ కొదవ లేని పత్రికలు తప్పు రాయకూడదు కదా. నేను పరిశోధక విద్యార్థినిని. ఇరాక్ యుద్ధానికి ముందు వచ్చిన వార్తల సంగతి కొంత చదివాను.

2002 సెప్టెంబర్ 8న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో, సద్దాం హుస్సేన్ అణు బాంబు కోసం అల్యూమినియం గొట్టాలు కొంటున్నాడని రాసింది. ఆ వార్తకు ఆధారం ప్రభుత్వంలోని పేరు చెప్పని అధికారులు. అదే రోజు ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టీవీలో కూర్చుని, ఈ పత్రికలోనే వచ్చింది చూడండి అన్నారు. ప్రభుత్వం చెవిలో చెప్పింది, పత్రిక అచ్చు వేసింది, ప్రభుత్వం దాన్నే సాక్ష్యంగా చూపించింది. 2003 ఫిబ్రవరి 5న కోలిన్ పావెల్ భద్రతా మండలిలో అవే గొట్టాల ప్రస్తావన తెచ్చారు. మార్చిలో యుద్ధం మొదలైంది. సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలు లేవని 2004లో అమెరికా పంపిన సర్వే బృందమే తేల్చింది.

అదే కాలంలో నైట్ రిడ్డర్ అనే పత్రికల సంస్థకు చెందిన జొనాథన్ ల్యాండే, వారెన్ స్ట్రోబెల్ అనుమానిస్తూ రాశారు. వారు పెద్ద అధికారుల చుట్టూ తిరగలేదు, కింది స్థాయి నిఘా ఉద్యోగులను అడిగారు. వారు రాసిందే నిజమైంది. కాబట్టి అప్పట్లో ఎవరికీ తెలియదన్న మాట చెల్లదు.

2004 మే 26న న్యూయార్క్ టైమ్స్ తన వార్తల్లో కొన్ని ఉండవలసినంత కఠినంగా లేవని సంపాదకుల వివరణ వేసింది. ఎక్కడ వేసిందో తెలుసా? లోపల, పదో పేజీలో. గొట్టాల వార్త మొదటి పేజీలో, వివరణ పదో పేజీలో. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

ఆదోని_పత్తి:
అమ్మా, మీరు నా మాటే చెబుతున్నారు కదా!

సీపీ_బ్రౌన్_వీధి (కడప):
సగమే అన్నా. అబద్ధం రాసిందీ పత్రికే, దాన్ని బయటపెట్టిందీ పత్రికే. 1964 ఆగస్టు 4న టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద రెండోసారి దాడి జరిగిందని అమెరికా చెప్పింది, పత్రికలు రాశాయి, మూడు రోజుల్లో వియత్నాం మీద సైనిక చర్యకు పార్లమెంటు తీర్మానం వచ్చింది. ఆ దాడి జరగనే లేదు. 1971లో వియత్నాం యుద్ధంపై అమెరికా రక్షణ శాఖ (పెంటగాన్) రహస్య పత్రాలను ప్రభుత్వంతో కోర్టులో పోరాడి అచ్చు వేసినదీ అదే న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్. ఆ పని మీరు యూట్యూబులో చూసే ఆ నలుగురూ చేయగలరా? వారి దగ్గర వకీలు ఉన్నాడా?

రాయచోటి_ఫర్వానియా:
ఇక్కడ అందరూ చదివినది చెబుతున్నారు. మా ఇంట్లో ఇది చదువు కాదు, బతుకు. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఏ వీధిలో చూసినా కువైట్‌లో ఒకరైనా ఉంటారు. మా తమ్ముడు ఫర్వానియాలో ఉన్నాడు.

2025 జూన్ 23 రాత్రి ఇరాన్ ఖతార్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరం మీద క్షిపణులు వేసింది. ఖతార్‌తో పాటు కువైట్ కూడా కొన్ని గంటలు గగనతలం మూసింది. అంతవరకు నిజం. మన ఛానళ్లలో ఏమని వచ్చిందో గుర్తు చేసుకోండి. గల్ఫ్ మొత్తం మంటల్లో ఉన్నట్టు, ఎప్పటివో పేలుళ్ల దృశ్యాలు తిప్పి తిప్పి చూపించారు. మా అమ్మ సొమ్మసిల్లింది. వీధిలో ఆడవాళ్లు ఏడుపులు. తమ్ముడికి ఫోను కలిస్తే వాడు పక్క దుకాణంలో రొట్టెలు కొంటున్నాడు. ‘ఇక్కడేం కాలేదు, విమానాలు ఆగాయంతే, అమ్మకు టీవీ కట్టేయమని చెప్పు’ అన్నాడు. ఆ రాత్రి మా వీధికి కావలసిన వార్త మూడే ముక్కలు: విమానాలు ఎప్పుడు తిరుగుతాయి, రాయబార కార్యాలయం నంబరు ఎంత, సెలవు మీద వచ్చినవారు టికెట్టు ఏం చేసుకోవాలి. మర్నాడు పత్రికలో యుద్ధం గురించి పేజీ నిండా ఉంది. ఈ మూడూ నాకు కనబడలేదు.

మా నాన్న 1990లో కువైట్‌లో డ్రైవరు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు అక్కడే ఉన్నారు. బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, శిబిరంలో ఎండకు మాడి, ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చారు. ఆ తరలింపులో 488 విమానాలు లక్షా పదకొండు వేలకు పైగా మందిని తెచ్చాయి. ఆ సమయంలోనే, అక్టోబరులో, నయీరా అనే అమ్మాయి అమెరికాలో కన్నీళ్లతో చెప్పింది: ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్ల నుంచి పసిపిల్లలను తీసి నేల మీద పడేశారని. లోకమంతా రాసింది. 1992లో తేలింది, ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆమె సాక్ష్యం వెనుక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ ఉందని. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ కూడా ముందు నమ్మి, తర్వాత వెనక్కి తీసుకుంది.

నాన్నకు నేను ఇది చెబితే ఆయన అన్న మాట వినండి. ‘సైనికులు దోచుకోవడం నేను చూశాను. మనుషులను ఎత్తుకుపోవడం చూశాను. అదంతా నిజమే కదా, మళ్లీ కల్పించడం ఎందుకు? ఇప్పుడు నేను నిజం చెప్పినా, అదీ కథే అంటున్నారు.’ కల్పించిన వార్త వల్ల మోసపోయినవాళ్లు అమెరికా వాళ్లొక్కరే కాదు. నిజంగా బాధపడినవారి మాట కూడా చెల్లకుండా పోయింది.

పెన్నా_ఒడ్డు (తాడిపత్రి):
అన్నా, మీ నాన్నగారి మాట చదివాక నాకూ ఒకటి చెప్పాలనిపిస్తోంది. 2025 మే 8 రాత్రి, పాకిస్తాన్‌తో ఘర్షణ నడుస్తున్నప్పుడు, మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. కరాచీ ఓడరేవు ధ్వంసమైందని, ఇస్లామాబాద్ చేతికి వచ్చిందని కొన్ని జాతీయ ఛానళ్లలో కేకలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అవేవీ జరగలేదు. సైనిక చర్యలను, బలగాల కదలికలను ప్రత్యక్షంగా చూపించవద్దని రక్షణ శాఖ చెప్పవలసి వచ్చింది.

మే 9న మన పాత అనంతపురం జిల్లా, గోరంట్ల మండలం బిడ్డ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం ఇచ్చాడు. ఆ కబురు నిజం. కరాచీ కబురు అబద్ధం. రెండూ ఒకే తెర మీద, ఒకే ఎర్ర పట్టీలో, ఒకే గొంతుతో వచ్చాయి. ఒక తల్లి కడుపుకోతను, గాలి కబురును ఒకే తక్కెడలో వేసినవారిని నేను క్షమించను. మన సైన్యం మీద గౌరవం ఉన్నవారే ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. అడిగితే దేశద్రోహి అనేవారికి నా దగ్గర జవాబు లేదు, అవసరమూ లేదు.

ఆదోని_పత్తి:
అవి టీవీలు. నేను చెప్పింది పత్రికల సంగతి. టీవీకన్నా యూట్యూబే నయం.

పాత_డెస్క్ (అనంతపురం):
ఆదోని మిత్రమా, 2022లో ఉక్రెయిన్ యుద్ధమని, 2023లో గాజా యుద్ధమని ఫోన్లలో తిరిగిన వీడియోలలో కొన్ని ‘ఆర్మా 3’ అనే కంప్యూటర్ ఆటలోవి. తమ ఆట దృశ్యాలను యుద్ధమని చూపిస్తున్నారని ఆ ఆట తయారు చేసిన సంస్థే ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. వాటిని పంచినవారి పేరు, ఊరు ఎవరికి తెలుసు?

పత్రిక చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు, అచ్చయిన చోటు ఉంటాయి. ఏటా ఫిబ్రవరి నెలాఖరు తర్వాత వచ్చే సంచికలో యాజమాన్య వివరాలు వేస్తారు. ఎవరి డబ్బుతో నడుస్తోందో అందులో కనబడుతుంది. ఎప్పుడైనా చదివారా?

పత్తికొండ_విలేకరి:
పేరు చెప్పలేను, చెబితే రేపు నా కార్డు ఉండదు. మండల విలేకరిని. నాకు జీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చేది పెట్రోలుకు చాలదు. దానికి తోడు ఉగాదికి, ఆగస్టు 15కు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనల టార్గెట్. పొద్దున ఎవరి గుమ్మం దగ్గర ప్రకటన కోసం నిలబడ్డానో, సాయంత్రం ఆ మనిషి చేసిన ఇసుక దందా మీద ఎలా రాయమంటారు? రాసి పంపిన రోజులు ఉన్నాయి. రాలేదు.

ఎన్నికలప్పుడు ‘ప్యాకేజీ’ (డబ్బు కట్టి వార్తలు వేయించుకోవడం) అన్న మాట పల్లెల్లో సర్పంచులకు కూడా తెలుసు. ఇది నా ఒక్కడి ఫిర్యాదు కాదు. 2009 ఎన్నికల తర్వాత మన రాష్ట్రపు పాత్రికేయ సంఘమే పత్రికలు ముందు పెట్టుకుని పరిశీలించింది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో తెలుగు సంపాదకుడు కె. శ్రీనివాస్ రెడ్డి, పరంజయ్ గుహ ఠాకుర్తా ఉన్నారు. 71 పేజీల నివేదిక రాశారు, ఏ పత్రికలో ఏం జరిగిందో పేర్లతో. 2010లో కౌన్సిల్ బయటపెట్టింది మాత్రం బాగా కుదించిన నివేదిక. పూర్తి నివేదిక 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ బయటికి రాలేదు. పత్రికల తప్పులు రాసిన నివేదికను పత్రికల మండలే దాచుకుంటే, మండలంలో నా లాంటివాడు ఎవరికి చెప్పుకోవాలి?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
తమ్ముడూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. జిల్లా పరిషత్ వార్తలో తాగునీటి జవాబు ఎందుకు లేదో ఇప్పుడు కొంత అర్థమైంది.

ఒక సంగతి తేలుతోంది. ఇరాన్ వార్తలోనూ మన యార్డు వార్తలోనూ జబ్బు ఒకటే. ఎవరు చెప్పారో తీసేస్తున్నారు. తప్పని తేలాక ఎక్కడా చెప్పడం లేదు. మొదటిదానికి పాత డెస్క్ గారు కారణం చెప్పారు. రెండోదానికి కారణం ఏమిటి? నేను చదివే రెండు పత్రికల్లోనూ సవరణకు స్థిరమైన చోటు లేదు.

పాత_డెస్క్ (అనంతపురం):
ఉండాలి. హిందూ పత్రిక 2006లో పాఠకుల ఫిర్యాదులు చూసే ‘పాఠకుల సంపాదకుణ్ని’ పెట్టుకుని, సవరణలకు ఒక స్థిరమైన చోటు ఇచ్చింది. ‘ఫలానా తేదీ, ఫలానా పేజీ, ఇలా రాశాం, ఇలా ఉండాలి.’ మా డెస్కులో ఈ మాట ఎత్తితే, తప్పులు ఒప్పుకుంటే పరువు పోతుంది అనేవారు. నాకు ఆ వాదన ఎన్నడూ రుచించలేదు. యుద్ధకాలంలో ఇది మరీ అవసరం. 2023 అక్టోబర్ 17న గాజాలో అల్ అహ్లీ ఆసుపత్రి దగ్గర పేలుడు జరిగినప్పుడు, తొలి వార్తల్లో హమాస్ మాట మీద ఎక్కువగా ఆధారపడ్డామని న్యూయార్క్ టైమ్స్ వారం లోపే వివరణ ఇచ్చింది. గాజాలోకి బయటి విలేకరులను ఇజ్రాయెల్ స్వేచ్ఛగా వెళ్లనివ్వడం లేదు, లోపల ఉన్న పాలస్తీనా విలేకరులు వందకు పైగా చనిపోయారు. చూసి చెప్పేవారిని ఇలా లేకుండా చేశాక ఏ పక్షం మాటైనా ‘ఫలానావారు చెప్పారు’ అని రాయడం తప్ప దారి లేదు.

సీపీ_బ్రౌన్_వీధి (కడప):
దీనికి మనం చేయగలిగింది ఉంది. తప్పు వార్తకు తగిన ప్రాధాన్యంతో సవరణ వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. ముందు సంపాదకుడికి రాతపూర్వకంగా తెలియజేయాలి. జవాబు తృప్తిగా లేకపోతే కౌన్సిల్‌కు ఫిర్యాదు. దినపత్రికకైతే వార్త వచ్చిన రెండు నెలల్లోపు. కౌన్సిల్ జరిమానా వేయలేదు, హెచ్చరించగలదు, మందలించగలదు, అంతే. టీవీలు దాని పరిధిలోకే రావు.

ఆదోని_పత్తి:
పళ్లు లేని మండలి. అక్కడిదాకా పోయి ఏం లాభం?

సీపీ_బ్రౌన్_వీధి (కడప):
మండలిదాకా పోకపోయినా సరే అన్నా. పత్తి ధర వార్త మీ దగ్గర ఉందా? ఆ రోజు యార్డు బోర్డు ఫొటో ఉందా? ఆ రెండూ కలిపి సంపాదకుడికి పంపితే వేయక తప్పని పరిస్థితి వస్తుంది. అభిప్రాయం మీద ఫిర్యాదు చేస్తే చెత్తబుట్టలోకి పోతుంది. మూడు ధరలు ఉన్న బోర్డును ఎలా కాదంటారు?

రాయచోటి_ఫర్వానియా:
నేను కూడా రాస్తాను. గల్ఫ్‌లో ఏదైనా జరిగిన రోజు విమానాల సంగతి, రాయబార కార్యాలయం నంబరు మొదటి పేజీలో వేయమని. కడప, అన్నమయ్య జిల్లాల ఎడిషన్లకైనా వేయవచ్చు కదా. సంతకాలు మా వీధిలోనే కావలసినన్ని దొరుకుతాయి.

పెన్నా_ఒడ్డు (తాడిపత్రి):
టీవీల మీద ఎక్కడ రాయాలో కూడా చెప్పండి మేడమ్.

సీపీ_బ్రౌన్_వీధి (కడప):
ముందు ఆ ఛానల్‌కే రాయాలి. జవాబు రాకపోతే, అది వార్తా ఛానళ్ల సంఘమైన ఎన్‌బీడీఏ సభ్య ఛానల్ అయితే, వారి ప్రమాణాల సంస్థ ఎన్‌బీడీఎస్‌ఏకు. సభ్యులు కాని ఛానళ్లకు దారి వేరు, అది విడిగా రాస్తాను.

ఆదోని_పత్తి:
పత్రిక మళ్లీ వేయించుకుంటానని అనడం లేదు. కానీ బోర్డు ఫొటో మా గుమాస్తా రోజూ తీస్తాడు, లెక్కలకు. ఆ తేదీది వెతికిస్తాను. ఉత్తరం తెలుగులో రాయవచ్చా, ఇంగ్లిషులోనే పంపాలా?

పాత_డెస్క్ (అనంతపురం):
తెలుగులోనే. తేదీ, పేజీ, ఎడిషన్ పేరు మొదటి వాక్యంలోనే రాయండి. పంపే ముందు ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను. పత్తికొండ తమ్ముడి పేరు గానీ, ఊరు గానీ అందులో ఎక్కడా రానివ్వవద్దు.